దండోరా నుంచి ఫోను దాకా: డిజిటల్ మార్కెటింగ్‌లో తొలి అడుగులు

ఈ పాఠంలో మీరు నేర్చుకునేవి
• డిజిటల్ మార్కెటింగ్ అంటే ఏమిటో మీ మాటల్లో చెప్పడం
• ఎవరికి, ఏమి, ఎక్కడ, ఎప్పుడు చెప్పాలో ఆలోచించడం
• తెలుగులో చిన్న ప్రచార సందేశం రాయడం
• ఫలితాన్ని లెక్కవేయడం
• నిజం, జాగ్రత్త: ఈ రెండూ ఎందుకు ముఖ్యమో తెలుసుకోవడం

ముందుగా మాట్లాడుకుందాం

పిల్లలూ, ఇవాళ పొద్దున్నుంచి మీరు ఎన్ని ప్రకటనలు చూశారు? ఒకసారి గుర్తు చేసుకోండి. వీడియో మొదలయ్యే ముందు ఒకటి వచ్చి ఉంటుంది. ఆటలో ఒక స్థాయి పూర్తయ్యాక ఇంకొకటి వచ్చి ఉంటుంది. అమ్మ ఫోనులో బూట్ల కోసం వెతికితే, ఆ తరవాత రెండు రోజులు ఎక్కడ చూసినా బూట్లే కనిపించి ఉంటాయి! ఇవన్నీ ఎవరో ఆలోచించి పెట్టినవే. ఆ ఆలోచన ఎలా జరుగుతుందో ఈ పాఠంలో చూద్దాం.

1. దండోరా: మన పాత మార్కెటింగ్

ఫోన్లు లేని రోజుల్లో ఊళ్ళో ఒక విషయం అందరికీ ఎలా తెలిసేది? దండోరా వేసేవారు. దీన్నే చాటింపు అని కూడా అంటారు. ఒకాయన డప్పు కొడుతూ వీధి వీధికీ వెళ్ళేవాడు. డప్పు చప్పుడు వినగానే జనం పని ఆపి, గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు. అప్పుడు ఆయన గట్టిగా కబురు చెప్పేవాడు: రేపు సంత ఉంది, ఎల్లుండి పంచాయతీ సమావేశం ఉంది, ఇలా.

ఇందులో ఎంత తెలివి ఉందో చూడండి. ముందు డప్పు కొట్టాలి, లేకపోతే ఎవరూ వినరు. జనం ఉండే చోట నిలబడాలి, అంటే కూడలిలోనో రచ్చబండ దగ్గరో. జనం పొలం నుంచి ఇంటికొచ్చే వేళ చూసుకోవాలి. మాట పొట్టిగా, అర్థమయ్యేలా ఉండాలి.

ఆ తరవాత కరపత్రాలు, గోడ మీద రాతలు, సినిమా పోస్టర్లు, రిక్షాకు మైకు కట్టి చేసే ప్రచారం వచ్చాయి. 1994 అక్టోబరులో అమెరికాలో ఒక వెబ్ పత్రిక తన పేజీ పైభాగంలో పట్టీలాంటి ప్రకటనలు పెట్టింది. వెబ్‌లో వచ్చిన మొదటి బ్యానర్ ప్రకటనల్లో అవి ఉన్నాయి. 2000లో గూగుల్ తన ప్రకటనల సేవను మొదలుపెట్టింది. మనం వెతికే మాటను బట్టి ప్రకటన కనిపించడం అలా మామూలైపోయింది.

కాబట్టి డిజిటల్ మార్కెటింగ్ అంటే ఇంతే: మన దగ్గర ఉన్న మంచి వస్తువు గురించో, పని గురించో, కబురు గురించో అవసరమైనవాళ్ళకి ఇంటర్నెట్ ద్వారా, ఫోను ద్వారా తెలియజేయడం. డప్పు మారింది. పని మారలేదు.

2. సమాయిల్‌లో ఒక తెలుగు తరగతి

ఇప్పుడు ఒక ఉదాహరణ. మీరు ఒమాన్ దేశంలోని సమాయిల్‌లో ఉంటున్నారు అనుకుందాం. సమాయిల్ ఊరు హజర్ కొండల మధ్య లోయలో ఉంటుంది. మస్కట్ నుంచి నిజ్వా వెళ్ళే దారిలో దాదాపు గంట ప్రయాణం. చుట్టూ ఖర్జూర తోటలు, పాత కోట, నల్లగా గోధుమరంగుగా కనిపించే కొండలు.

అక్కడ మీరు "అత్తయ్యా" అని పిలిచే ఒకావిడ ప్రతి శనివారం తన ఇంట్లో పిల్లలకు తెలుగు చెబుతారు. ఫీజు లేదు. పోయినేడు తొమ్మిది మంది పిల్లలు ఉండేవాళ్ళు. ఉద్యోగాలు మారి కొన్ని కుటుంబాలు మస్కట్ వెళ్ళిపోయాయి, కొన్ని ఇండియాకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు మిగిలింది మీతో కలిపి నలుగురు.

ఒకరోజు తరగతి అయ్యాక అత్తయ్య అన్నారు: "కనీసం ఆరుగురైనా లేకపోతే కష్టమమ్మా. నలుగురిలో ఇద్దరు రాకపోతే ఆ రోజు పాఠమే సాగట్లేదు. వచ్చే నెల దాకా చూద్దాం."

మీకు దిగులేసింది. ఎందుకంటే ఈ తరగతికి వచ్చాకే మీరు నానమ్మకి సొంతంగా ఉత్తరం రాయగలిగారు. ఆవిడ ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నారని నాన్న చెప్పారు కూడా. తరగతి ఆగిపోతే మీ తెలుగు అక్కడే ఆగిపోతుంది.

"అయితే మనమే పిల్లల్ని వెతుకుదాం అత్తయ్యా!" అన్నారు మీరు.

3. మొదటి ప్రయత్నం ఎందుకు తప్పింది?

మీరు అమ్మ ఫోను తీసుకుని ఇలా రాశారు:

"మాతృభాషను కాపాడుకుందాం! తెలుగు వెలుగులు దశదిశలా నింపుదాం! అమ్మలాంటి కమ్మని భాష మనది! మా తరగతిలో చేరండి! అందరికీ పంపండి!"

దీన్ని అమ్మ మస్కట్‌లోని ఒక పెద్ద తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గ్రూపులో రెండు వందల మంది ఉన్నారు. ముప్పై ఒక్క మంది నమస్కారాలు, పూలు పెట్టారు. "చాలా బాగా చెప్పారు" అన్నారు. ఒక్క పిల్లాడు కూడా రాలేదు!

ఇక్కడ ఆగి ఆలోచించండి. తప్పు ఎక్కడ జరిగింది?

మొదటి తప్పు: మస్కట్‌లో ఉండేవాళ్ళు గంట తరగతి కోసం రానుపోను రెండు గంటలు ప్రయాణం చేస్తారా? చెయ్యరు. చెప్పింది మంచి మాటే, కానీ చెప్పిన చోటు సరైనది కాదు.

రెండో తప్పు: తరగతి ఎక్కడ? ఏ రోజు? ఎన్ని గంటలకు? ఎంత వయసు పిల్లలకు? ఎవర్ని అడగాలి? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికైనా ఆ సందేశంలో జవాబు ఉందా? లేదు.

మూడో తప్పు: పూలను, నమస్కారాలను చూసి మీరు సంతోషపడ్డారు. కానీ మీకు కావలసింది పూలు కాదు, ఇద్దరు పిల్లలు. లైకులు చూసి మురిసిపోవడం కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు.

4. ఫలజ్ నేర్పే పాఠం

సమాయిల్‌లో తిరిగితే తోటల మధ్య సన్నని నీటి కాలువలు కనిపిస్తాయి. వీటిని ఫలజ్ అంటారు. ఒకటైతే ఫలజ్, ఎక్కువ ఉంటే అఫ్లాజ్. కొండల అడుగు నుంచో, ఊట నుంచో, వాగు నుంచో వచ్చే నీళ్ళను వాలు చూసుకుని ఊళ్ళోకి నడిపిస్తారు. మోటారు అక్కర్లేదు. ఒమాన్‌లోని ఐదు అఫ్లాజ్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నీళ్ళు తక్కువ, తోటలు ఎక్కువ. అందుకే ఒక్కో తోటకు ఒక్కో వంతు ఉంటుంది. ఆ వంతును కాలంతో కొలుస్తారు. సుమారు అరగంట వంతును అథర్ అంటారు. పూర్వం పగలు నీడను చూసి, రాత్రి నక్షత్రాలను చూసి ఆ సమయం లెక్కపెట్టేవాళ్ళు. వంతు వచ్చినప్పుడు ఆ తోట వైపు గండి తెరుస్తారు, మిగతావి మూసేస్తారు.

నీళ్ళన్నీ ఇసుకలో పారబోస్తే ఒక్క చెట్టూ బతకదు. సరైన చెట్టుకు, సరైన వేళకు, సరైన దారిలో పంపితే కొంచెం నీళ్ళతోనే తోట పచ్చగా ఉంటుంది. మీ సందేశం కూడా అంతే. రెండు వందల మందికి పారబోయడం కంటే, అవసరమైన ఇరవై ఇళ్ళకు చేర్చడం మేలు.

అందుకని మీరు, అమ్మ, అత్తయ్య కూర్చుని నాలుగు ప్రశ్నలకు జవాబు రాశారు.

ఎవరికి? సమాయిల్‌లో, దగ్గరలోని బిద్‌బిద్, ఫంజా, ఇజ్కీ ఊళ్ళలో 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలున్న తెలుగు అమ్మానాన్నలకి.
ఏమి? శనివారం తరగతి గురించి.
ఎక్కడ? వాట్సాప్‌లో, తెలిసినవాళ్ళ ద్వారా, ఒక్కొక్క ఇంటికీ విడిగా.
ఎప్పుడు? ఒమాన్‌లో శుక్రవారం, శనివారం సెలవులు. సెలవుల్లో ఏం చెయ్యాలో ఇంట్లో మాట్లాడుకునేది గురువారం సాయంత్రం. కాబట్టి సందేశం అప్పుడే వెళ్ళాలి.

5. చెప్పే ముందు వినాలి

రెండో సందేశం రాసే ముందు అమ్మ ఒక మంచి పని చేశారు. ఫంజాలో ఉండే ఒక ఆంటీకి ఫోన్ చేసి, "మీ బాబుని తరగతికి ఎందుకు పంపలేదండీ?" అని మామూలుగా అడిగారు.

ఆవిడ ఇలా అన్నారు: "మావాడికి అ, ఆలు కూడా రావండీ. మిగతా పిల్లలు గడగడా చదువుతుంటే చిన్నబోతాడేమోనని భయం."

చూశారా! దూరం అడ్డు కాదు, తెలుగంటే ఇష్టం లేకా కాదు. అడ్డు భయం. ఈ సంగతి అడగకుండా మీకు తెలిసేదా? మార్కెటింగ్‌లో పెద్ద పెద్ద కంపెనీలు కూడా కొనేవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ ఇబ్బందులు తెలుసుకోవడానికి ఎంతో సమయం పెడతాయి. మన పెద్దలు కూడా ముందు విను, తరవాత మాట్లాడు అంటారు కదా.

అప్పుడు మీరు ఇలా రాశారు:

"నమస్కారమండీ. సమాయిల్‌లో ప్రతి శనివారం సాయంత్రం 5 నుంచి 6 దాకా తెలుగు తరగతి ఉంది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలు రావచ్చు. అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు, మేమూ అక్కడినుంచే మొదలుపెట్టాం. ఫీజు లేదు. ఈ శనివారం ఒక్కసారి వచ్చి చూడండి, నచ్చితేనే చేరండి. వస్తామంటే ఈ నంబరుకు ఒక మెసేజ్ పెట్టండి."

ఆఖరి వాక్యం గమనించండి. చదివినవాళ్ళు తరవాత ఏం చెయ్యాలో అది స్పష్టంగా చెబుతోంది. ప్రతి ప్రచార సందేశంలోనూ ఇలాంటి వాక్యం ఒకటి ఉండాలి. ఒకటే ఉండాలి. "చేరండి, పంపండి, లైక్ కొట్టండి, ఫోన్ చెయ్యండి" అని నాలుగు చెబితే ఎవరూ ఏదీ చెయ్యరు.

6. వెతికే మాట

కొందరు వాట్సాప్‌లో ఉండరు. వాళ్ళు గూగుల్‌లో వెతుకుతారు. అత్తయ్య తరగతి గురించి ఒక చిన్న వెబ్ పేజీ పెట్టాలనుకున్నారు అనుకోండి. అందులో ఏ మాటలు ఉండాలి?

సర్చ్ ఇంజన్ వెబ్‌లోని పేజీలను ముందుగానే చదివి, ఏ పేజీలో ఏ మాటలున్నాయో ఒక పెద్ద పట్టికలో దాచుకుంటుంది. పుస్తకం చివర ఉండే పదసూచిలాంటిది అది. మీరు ఏదైనా వెతికినప్పుడు ఆ పట్టికలో చూసి, మీకు బాగా పనికొచ్చే పేజీలను ముందు చూపిస్తుంది. జనం టైపు చేసే ఆ మాటను కీవర్డ్ అంటారు. పేజీని అలా సులభంగా దొరికేలా తీర్చిదిద్దడాన్ని ఎస్‌ఈఓ అంటారు.

ఇక్కడ సమాయిల్‌తో రెండు చిక్కులున్నాయి. ఈ ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు సమాయిల్ అని, ఒకరు సుమాయిల్ అని, ఇంకొకరు సెమాయిల్ అని రాస్తారు. కాబట్టి పేజీలో జనం వాడే రకాలు ఒకటి రెండు ఉండాలి.

రెండో చిక్కు ఇంకా తమాషాగా ఉంటుంది. ఈ ఊరి పేరుతో వెతికేవాళ్ళలో భూగర్భ శాస్త్రవేత్తలు కూడా ఉంటారు! ఎందుకంటే ఈ కొండల్లోని రాళ్ళు ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవి. కోట్ల ఏళ్ళ కింద భూమి కదలికల వల్ల అవి నేల మీదికి వచ్చాయి. ఇలాంటి రాతి పొరలను ఓఫియోలైట్ అంటారు. ప్రపంచంలో పెద్దవైన, చక్కగా కనిపించే ఓఫియోలైట్‌లలో ఒకటి ఈ సమాయిల్ పేరు మీదే ఉంది. ఉత్త "సమాయిల్" అని రాస్తే మీ పేజీ రాళ్ళ మధ్య తప్పిపోతుంది. "సమాయిల్‌లో పిల్లలకు తెలుగు తరగతి" అని రాస్తే కావలసినవాళ్ళకి దొరుకుతుంది. వెతికే మనిషి మనసులో ఏముందో ఊహించడమే ఇందులో అసలు పని.

7. లెక్క చూద్దాం

గురువారం సాయంత్రం ఇరవై ఇళ్ళకు సందేశం వెళ్ళింది. ఏం జరిగిందో చూడండి.

పంపినవి: 20 ఇళ్ళు
చదివినవాళ్ళు: 15 ఇళ్ళు
జవాబు ఇచ్చినవాళ్ళు: 6 ఇళ్ళు
శనివారం వచ్చి చూసినవాళ్ళు: 3 ఇళ్ళు, ఇంటికొక్కరు
చేరినవాళ్ళు: 2 పిల్లలు

ప్రతి మెట్టు దగ్గరా కొందరు తగ్గిపోయారు. ఇది సహజమే. ఫలజ్‌లో కూడా దారిలో కొన్ని నీళ్ళు ఎండకి ఆవిరవుతాయి, కొన్ని ఇంకిపోతాయి. మనం చూడవలసింది ఎక్కడ ఎక్కువ తగ్గారని. చదివిన 15 మందిలో జవాబిచ్చింది 6గురే, అంటే 40 శాతం. మెట్లన్నిటిలో బాగా తగ్గింది ఇక్కడే. కాబట్టి ఈసారి సందేశంలోని మాటలనే మార్చి చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యండి. రోజూ, మాటా, బొమ్మా అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి సందేశానికి 31 పూలు వచ్చాయి, పిల్లలు రాలేదు. రెండోదానికి పూలు రాలేదు, ఇద్దరు పిల్లలు వచ్చారు. వాళ్ళలో ఒకడు ఫంజా బాబు. మొదటి రోజు వాడు వాళ్ళమ్మ కొంగు వదల్లేదు. మీరు వెళ్ళి పక్కన కూర్చుని, పలక మీద "అ" దిద్దించారు. నాలుగుకి రెండు కలిపితే ఆరు. అత్తయ్య ఏమీ అనలేదు, ఆరు కుర్చీలు వేశారు.

8. మనవాళ్ళ కథలు రెండు

ఆంధ్రప్రదేశ్‌లో మస్తానమ్మ అనే అవ్వ ఉండేవారు. ఆమె వయసు వందేళ్ళు దాటిందని చెప్పేవారు. 2016లో ఆమె మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి ఆమె వంటను వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. ఆరుబయట, కట్టెల పొయ్యి మీద, తెలుగులో మాట్లాడుతూ ఆవిడ వండేవారు. పుచ్చకాయలో కోడికూర వండిన వీడియో చాలామంది చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి ఆ చానల్‌కు పది లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నారు.

తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో లంబాడిపల్లి అనే ఊరుంది. 2012లో మొదలైన 'మై విలేజ్ షో' అనే చానల్ ఆ ఊరి జీవితాన్ని, ఆ ఊరి యాసలోనే చూపించింది. ఆ వీడియోల వల్ల గంగవ్వ అనే పెద్దావిడ తెలుగువాళ్ళందరికీ తెలిసింది.

ఈ ఇద్దరూ మార్కెటింగ్ కోర్సు చదవలేదు. మరి ఎందుకంత మంది చూశారు? వాళ్ళు వేరేవాళ్ళలా ఉండాలని ప్రయత్నించలేదు. తమకు వచ్చింది, తమ భాషలో, మళ్ళీ మళ్ళీ చూపించారు. మీ తెలుగు కొంచెం తడబడినా అది మీ తెలుగే. భయపడకుండా రాయండి.

9. నిజం, జాగ్రత్త

రెండో సందేశం రాస్తున్నప్పుడు "ఒక్క నెలలో గడగడా తెలుగు!" అని పెడదామని మీకు అనిపించింది. అలా పెడితే ఇంకో ఇద్దరు వచ్చేవాళ్ళేమో కూడా. కానీ నెల అయ్యాక వాళ్ళు ఏమనుకుంటారు? తరవాత మీరు ఏం చెప్పినా నమ్మరు. నమ్మకం పోగొట్టుకుంటే మళ్ళీ సంపాదించడం చాలా కష్టం.

ఇవి కూడా గుర్తుంచుకోండి:
• వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వాడాలంటే కనీసం 13 ఏళ్ళు ఉండాలి. అంతకంటే చిన్నవాళ్ళు అమ్మానాన్నల ఫోనులో, వాళ్ళ పక్కనే కూర్చుని చెయ్యాలి.
• వేరే పిల్లల ఫొటో పెట్టాలంటే వాళ్ళ అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలి. ఒమాన్‌లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడానికి 2022లో ఒక చట్టం కూడా వచ్చింది.
• ఇంటి చిరునామా అందరికీ కనిపించేలా పెట్టకూడదు. వస్తామన్నవాళ్ళకే పెద్దవాళ్ళు చెప్పాలి.
• వద్దు అన్నవాళ్ళకి మళ్ళీ మళ్ళీ పంపకూడదు.
• ఏదైనా అమ్మాలనుకుంటే ఆ దేశపు నియమాలు, లైసెన్సుల సంగతి పెద్దవాళ్ళు ముందుగా కనుక్కోవాలి.

కొత్త పదాలు

దండోరా, చాటింపు: ఊరందరికీ వినిపించేలా కబురు చెప్పడం
రచ్చబండ: ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకునే అరుగు
కరపత్రం: కబురు అచ్చువేసి పంచే కాగితం
వంతు: ఒకరికి రావలసిన భాగం
గండి: కాలువ గట్టులో నీళ్ళు పోవడానికి చేసే దారి
చిన్నబోవడం: నలుగురిలో తక్కువ అయ్యానని బాధపడడం
దిగులు: మనసులో బాధ, బెంగ
గడగడా: ఆగకుండా, వేగంగా (చదవడం, మాట్లాడడం)

అభ్యాసాలు

అ. జవాబులు రాయండి.
1. దండోరా వేసేవాళ్ళు ముందు డప్పు ఎందుకు కొట్టేవారు? ఫోనులో ఆ డప్పు పని చేసేది ఏమిటి?
2. మొదటి సందేశంలో లేని వివరాలు ఏమిటి? కనీసం నాలుగు రాయండి.
3. ఫంజా ఆంటీ చెప్పిన మాట వల్ల రెండో సందేశంలో ఏ వాక్యం చేరింది?

ఆ. లెక్క చెయ్యండి.
1. పంపిన 20 ఇళ్ళలో ఎంత శాతం సందేశం చదివారు?
2. వచ్చి చూసిన ముగ్గురిలో ఒకరు చేరలేదు. ఆ కారణం తెలుసుకోవాలంటే వాళ్ళ అమ్మను మర్యాదగా ఎలా అడుగుతారు? ఒక వాక్యం రాయండి.

ఇ. ఈ వాక్యాలను సరిచెయ్యండి. నిజం మాత్రమే ఉండాలి.
1. "ప్రపంచంలోకెల్లా గొప్ప తెలుగు తరగతి!"
2. "ఇవాళే చేరండి, లేకపోతే మీ పిల్లలు తెలుగు మర్చిపోతారు!"

ఇంటి పని

మీ తాతయ్యకో అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చెయ్యండి. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో కబుర్లు ఎలా తెలిసేవో అడగండి. వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి. తరవాత మీరు ఉండే ఊళ్ళో తెలుగు నేర్చుకోవాలనుకునే ఒక్క పిల్లాడినో పిల్లనో మనసులో పెట్టుకుని, వాళ్ళ ఇంటికి పంపడానికి నలభై మాటల్లోపు సందేశం రాయండి. అమ్మకో నాన్నకో చదివి వినిపించండి. వాళ్ళకి ఎక్కడైనా అనుమానం వస్తే, ఆ అనుమానానికి జవాబు ఉండేలా మళ్ళీ రాయండి.